చల్లని ద్రవంలో చెదిరే వెలుగు



రాత్రిపూట సిరిసిల్లలో ఏ వీధిలో నడిచినా సాంచాల చప్పుడు వినిపిస్తుంది, షెడ్డు కిటికీలోంచి తెల్లని వెలుతురు రోడ్డు మీద పడుతుంది. ఈమధ్య ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాయి గాని, పాత షెడ్లలో పొడుగాటి ట్యూబులైటు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గాజు గొట్టంలో గాలి ఉండదు. కొంచెం పాదరసం, దానికి తోడుగా ఆర్గాన్ అనే వాయువూ ఉంటాయి. కరెంటు పారినప్పుడు పాదరసపు ఆవిరి నుంచి వచ్చేది చాలావరకు మన కంటికి కనిపించని వెలుగే. దాన్ని అతినీలలోహిత కాంతి అంటారు. గొట్టం లోపలివైపు పూసిన తెల్లటి పొడి ఆ కనిపించని వెలుగును మింగి, కనిపించే వెలుగుగా మార్చి బయటికి పంపుతుంది. గొట్టం పగిలినప్పుడు చేతికంటే పొడి అదే. పాదరసం విషం గనక దాన్ని ఒట్టి చేతులతో ఊడవకండి.

ఈ ఆర్గాన్‌నే బాగా చల్లబరిచి నీళ్ళలాంటి ద్రవంగా చేసి, పెద్ద పెద్ద తొట్లలో నింపి, అందులో మెరిసే అతినీలలోహిత వెలుగును కాపుకాసి చూసే శాస్త్రజ్ఞులు ఇవ్వాళ ప్రపంచమంతా ఉన్నారు. ఆ వెలుగు ద్రవంలో తిన్నగా పోదు, దారిలో చెదిరిపోతుంది. ఎంత దూరానికి ఒకసారి చెదురుతుంది అన్నది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. దాని వెనక నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది, అందులో మన తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉంది.

ముందు ఆర్గాన్ సంగతి. ఇంగ్లండులో లార్డ్ రాలే అనే ఆయన నత్రజనిని తూకం వేస్తూ కూర్చున్నాడు. గాలిలోంచి తీసిన నత్రజని ఒక తూకం, రసాయనాల నుంచి తీసిన నత్రజని ఇంకో తూకం వచ్చాయి. తేడా అరశాతం మాత్రమే. మన బజారులో అయితే అరశాతాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆయన పట్టించుకున్నాడు. 1892లో ఆ తేడాను పత్రికలో ప్రకటించి, కారణం ఎవరికైనా తోస్తే చెప్పమని అడిగాడు. తరవాత రామ్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు తోడై, 1894లో ఇద్దరూ కలిసి గాలిలో దాక్కున్న కొత్త వాయువును బయటపెట్టారు. అది దేనితోనూ కలవదు, దేనితోనూ కయ్యం పెట్టుకోదు. అందుకని సోమరి అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో ఆర్గాన్ అని పేరు పెట్టారు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు అదే. కోరుట్లలోనూ జగిత్యాలలోనూ స్టీలు రెయిలింగులు చేసేవాళ్ళు ‘ఆర్గాన్ వెల్డింగ్’ అని బోర్డు కడతారు చూడండి, ఆ ఆర్గాన్ ఇదే. కాలే లోహానికి గాలి తగలకుండా ఈ సోమరి అడ్డు నిలబడుతుంది.

1898లో రామ్సే, ట్రావర్స్ అనే మరో యువకుడూ కలిసి క్రిప్టాన్, నియాన్, జీనాన్ అనే ఇంకో మూడింటిని కనిపెట్టారు. ఈ ట్రావర్స్ గారే తరవాత మన దేశానికి వచ్చి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు మొట్టమొదటి డైరెక్టరయ్యారు. ఈ జడవాయువుల కుటుంబంలో హీలియం అనే పెద్దక్క ఆనవాలు భూమి మీద కంటే ముందు సూర్యుడిలో దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన దుర్భిణీ పెట్టుకున్నది మన గుంటూరులోనే. అది వేరే కథ, మరోసారి చెప్పుకుందాం.

ఈ రాలే గారే ఆకాశం నీలంగా ఎందుకుంటుందో 1871లో లెక్కకట్టి చెప్పిన మనిషి. వెలుగు చాలా సన్నని కణాలకు తగిలితే నలుదిక్కులకూ చెదురుతుంది. మన పుస్తకాల్లో దీన్ని పరిక్షేపణం అంటారు, నేను మాత్రం చెదరటమనే అంటాను. ఎరుపు వెలుగు అల పొడుగు, నీలి వెలుగు అల పొట్టి. అల ఎంత పొట్టిదైతే అంత ఎక్కువగా చెదురుతుంది. ఆ పెరుగుదల మామూలుది కాదు. అల సగానికి తగ్గితే చెదరటం రెండింతలు కాదు, పదహారింతలవుతుంది.

దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. కోరుట్ల వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఇది ఎప్పుడూ కంటిముందు ఉండేదే. వెలిగించిన బీడీ కొస నుంచి లేచే పొగ నీలంగా ఉంటుంది. తాగినవాడి నోట్లోంచి వచ్చేటప్పటికి అదే పొగ తెల్లబడుతుంది. కొసన ఉండే పొగ కణాలు అతి సన్నవి గనక నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. నోట్లో తడి పట్టి కణాలు లావెక్కాక అన్ని రంగులూ ఒక్కతీరుగా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. బీడీ తాగమని కాదు నేను చెప్పేది! ఇంట్లో చూడాలంటే గాజుగ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కల పాలు వేసి, చీకట్లో టార్చి పట్టండి. పక్కనుంచి చూస్తే నీలి ఛాయ, ఎదురుగా చూస్తే పసుపు ఎరుపు ఛాయ కనిపిస్తాయి.

ఆకాశానికి ఈ లెక్క సరిపోయింది. మరి సముద్రం మాటేమిటి? లోతైన సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబమేనని రాలే గారు తేల్చేశారు. అంతటివాడు చెప్పాక ఇంకెవరు అడుగుతారు?

అడిగినవాడు చంద్రశేఖర వేంకట రామన్. తమిళుల బిడ్డే అయినా తండ్రిగారి ఉద్యోగం వల్ల విశాఖపట్నంలో పెరిగి, అక్కడే బడి చదువు చదివినవాడు. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగివస్తూ, నీటి మీద నుంచి తిరిగివచ్చే ఆకాశపు వెలుగును ఒక పట్టకంతో అడ్డగించి చూశాడు. ప్రతిబింబం పోయింది గాని నీలం పోలేదు. పైగా ఇంకా చిక్కబడింది. అంటే నీళ్ళే వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట.

దుమ్ము లేని, పాచి లేని తేటనీళ్ళు వెలుగును ఎందుకు చెదరగొట్టాలి? ఇక్కడే అసలు విషయం ఉంది. శివరాత్రికి వేములవాడ రాజన్న గుడి దగ్గర జనాన్ని గుర్తు తెచ్చుకోండి. మేడ మీద నుంచి చూస్తే ఎటు చూసినా ఒక్కతీరుగా తలకాయలే. లోపల నడిచేవాడికి మాత్రం ఒకచోట ఊపిరాడదు, నాలుగడుగులు వేస్తే కాస్త సందు దొరుకుతుంది, మరో నిమిషానికి ఆ సందు పూడిపోయి ఇంకోచోట సందు పడుతుంది. తేటనీళ్ళూ అంతే. అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి గనక ఒక క్షణం ఇక్కడ ఒత్తుగా, మరుక్షణం అక్కడ పలచగా అవుతుంటాయి. ఆ ఒత్తుపలచలకే వెలుగు దారి తప్పుతుంది. పోలండు శాస్త్రజ్ఞుడు స్మొలుకోవ్‌స్కీ 1908లో ఈ మాట చెప్పాడు, 1910లో ఐన్‌స్టీన్ దానికి సూత్రం కట్టాడు. ద్రవం ఎంత వేడిగా ఉంది, నొక్కితే ఎంత నొక్కుకుపోతుంది, వెలుగును ఎంత వంచుతుంది అనే మూడు సంగతులు తెలిస్తే ఎంత చెదురుతుందో లెక్క తీయవచ్చు. గాలి కంటే నీళ్ళు వందల రెట్లు చిక్కనివి. అయినా చెదరటం నూటఅరవై రెట్ల ప్రాంతంలోనే ఉంటుందని రామన్ గారు ఈ సూత్రంతోనే లెక్కకట్టారు.

రామన్ ఎఫెక్టు పేరు బడి పిల్లలకు కూడా తెలుసు, ఫిబ్రవరి 28న పండుగ చేస్తాం. దానికి ముందు ఏడేళ్ళు కలకత్తాలో ఆయనా శిష్యులూ చేసిన పని మాత్రం ఎవరికీ పట్టదు. నా మటుకు నాకు ఆ ఏడేళ్ళే గొప్పవనిపిస్తాయి. ద్రవంలో ఒక్క దుమ్ముకణం ఉన్నా లెక్క చెడిపోతుంది. అందుకని గాలి తీసేసిన గాజుబుడ్డిలో ద్రవాన్ని మెల్లమెల్లగా ఆవిరి చేసి, చల్లార్చి, మళ్ళీ మళ్ళీ వడకట్టినట్టు చేసేవారు. దీపానికి బదులు ఎండనే అద్దాలతో పోగుచేసి వాడుకునేవారు.

ఆ శిష్యుల్లో మన సూరి భగవంతం గారు ఒకరు. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్‌సి. చదివి, రామన్ గారి దగ్గర చేరారు. తరవాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, కాంతి పరిక్షేపణం మీద 1940లో ఒక పుస్తకం రాశారు. చాలాకాలం ఆ విషయం చదువుకోదలచినవారికి అదే ఆధారం. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్లల నుంచి మూట కట్టుకుని ఆనాడు ఉస్మానియాలో చేరిన పిల్లలకు డిగ్రీ కాగితాల మీద సంతకం చేసిన ఆ పెద్దమనిషి, ద్రవాల్లో వెలుగు చెదరటం గురించి దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన కొద్దిమందిలో ఒకరని ఎంతమందికి తెలుసో!

ఇక మన ఆడవాళ్ళ మాట. రామన్ గారు బెంగుళూరు వెళ్ళాక ఆయన ప్రయోగశాలలో సునందాబాయి అనే ఆమె ద్రవాల్లో కాంతి చెదరటం మీదనే పనిచేసి, వరుసగా పత్రాలు తన ఒక్క పేరుతో ప్రచురించింది. ఆమె తోటిది అన్నా మాణి. వజ్రాల నుంచి వచ్చే మసక వెలుగును ఫొటో పలక మీద పట్టటానికి పదిహేను, ఇరవై గంటలు కాచుకుని కూర్చునేది. 1945లో సిద్ధాంత గ్రంథం ఇస్తే, ఎం.ఎస్‌సి. లేదన్న సాకుతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. చేసిన పనిని చూడాలా, లేని కాగితాన్ని చూడాలా? ఆవిడ ఆ మాట పట్టించుకోకుండా వాతావరణశాఖలో చేరి పెద్ద పేరు తెచ్చుకుంది. ప్రొఫెసర్ల పేర్లతో సాగే చరిత్రలో ఆ పలకల ముందు కూర్చున్నవాళ్ళ పేర్లు కూడా రాసుకోవాలి గదా.

ఇప్పుడు ద్రవ ఆర్గాన్ దగ్గరికి వద్దాం. జగిత్యాల పశువుల దవాఖానలో గేదెకు సూది వేయించటానికి వెళ్ళినప్పుడు మీరు ఒక అల్యూమినియం బుడ్డి చూసే ఉంటారు. డాక్టరు మూత తీయగానే తెల్లని ఆవిరి నేలమీదికి జారుతుంది. అది ద్రవ నత్రజని, సున్నకు దిగువన 196 డిగ్రీలు. ఆర్గాన్ దానికి ఒక మెట్టు పైన, సున్నకు దిగువన 186 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది. ప్రాణవాయువు 183 దగ్గర. ప్రాణవాయువు కోసం గాలిని చల్లబరిచే కర్మాగారాల్లోనే ఆర్గాన్‌ను కూడా వేరుచేసి తీస్తారు. అందుకే అది టన్నులకొద్దీ దొరుకుతుంది. జీనాన్ అలా కాదు, గాలిలో కోటి పాళ్ళకు ఒక పాలుకూడా ఉండదు. ధర చెబితే బంగారం గుర్తొస్తుంది.

ఈ ద్రవంలోంచి విద్యుదావేశం ఉన్న కణం ఏదైనా దూసుకుపోతే ఆర్గాన్ అణువులు ఉలిక్కిపడతాయి. ఉలిక్కిపడ్డ అణువు పక్కనున్న అణువును ఒక్క క్షణం చెయ్యిపట్టుకుని జంటకడుతుంది, ఆ జంట విడిపోయేటప్పుడు వెలుగు వదులుతుంది. ఒంటరిగా ఉన్న అణువులకు ఆ వెలుగును మింగే శక్తి లేదు. కాబట్టి ఆర్గాన్ తన వెలుగును తానే మింగదు, చాలా దూరం పోనిస్తుంది. ఇదే ఈ ద్రవానికి ఉన్న వరం. ఆ వెలుగు అల పొడుగు 128 నానోమీటర్లు. గాజులో అది దూరదు, గాలిలో నాలుగడుగులు పోకుండానే ఆగిపోతుంది. కాబట్టి పట్టుకునే పరికరాల ముందు ఒక రకం పొడిని పూస్తారు. అది ఆ అతినీలలోహిత వెలుగును మింగి నీలి వెలుగును ఇస్తుంది. ట్యూబులైటు పొడి పనే ఇదీను.

మింగదు సరే, చెదరగొట్టదా? చెదరగొడుతుంది. రాలే గారి లెక్క ప్రకారం మామూలు నీలి వెలుగుతో పోలిస్తే 128 నానోమీటర్ల వెలుగు, అల పొట్టిదనం ఒక్కదాని వల్లనే నూటయాభై రెట్లు ఎక్కువ చెదరాలి. తేటగా కనిపించే ద్రవం ఆ వెలుగుకు మంచుపట్టిన పొద్దులాంటిదన్నమాట.

ఎంత దూరానికి ఒకసారి చెదురుతుంది? 1997లో జపాను శాస్త్రజ్ఞులు కొలిచి 66 సెంటీమీటర్లన్నారు. 2002లో అమెరికాలో సైడెల్, ఆయన తోటివారు ఐన్‌స్టీన్ సూత్రంతో లెక్కవేసి 90 అన్నారు. జీనాన్‌కు 30 అన్నారు. 2017లో లండను దగ్గర రాయల్ హాలోవే కళాశాల నుంచి, ఎమిలీ గ్రేస్ పేరు ముందుండే పత్రంలో, 55 అని వచ్చింది. 2020లో జెనీవా దగ్గర సెర్న్‌లో చేసిన కొలతలో మళ్ళీ 99కి పెరిగింది. ఆ పత్రంలో మొదటి పేరు మార్తా బాబిచ్‌ది, ఈమె కూడా మహిళే.

నాలుగుచోట్ల నాలుగు సంఖ్యలు వచ్చాయంటే ఎవరో తప్పు చేశారని నవ్వకండి. ఐన్‌స్టీన్ సూత్రంలో చిక్కు లేదు. ద్రవం వెలుగును ఎంత వంచుతుందన్న అంకె దగ్గరే చిక్కంతా. 128 దగ్గర దాన్ని నేరుగా కొలవటం కష్టం. కనిపించే వెలుగుతో కొలిచి, అక్కడినుంచి గీతను సాగదీసి ఊహించాలి. అంతకంటే పొట్టిగా, 107 దగ్గర, ఆర్గాన్ అణువు వెలుగును గట్టిగా పట్టుకునే చోటు ఒకటుంది. దానికి దగ్గరవుతున్నకొద్దీ గీత నిటారుగా లేస్తుంది. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే చివరికి రెండింతల తేడా తేలుతుంది. అందుకే సెర్న్‌లో వాళ్ళు దారి మార్చారు. ఆకాశం నుంచి వచ్చే కణాలు ద్రవంలో మెరుపు పుట్టించినప్పుడు, ఆ మెరుపు మీటరు దూరం పోవటానికి ఎంతసేపు పడుతుందో చూశారు. శూన్యంలో అయితే 3.3 నానోసెకన్లు. ద్రవ ఆర్గాన్‌లో 7.5 దాకా పట్టింది. నానోసెకను అంటే సెకనులో నూరుకోట్లవ వంతు. ఆ ఆలస్యం నుంచి వంపును, వంపు నుంచి చెదరటాన్ని రాబట్టారు.

ఇంత రచ్చ ఎందుకంటారా? ఇటలీ శాస్త్రజ్ఞుడు కార్లో రుబియా 1977లో ద్రవ ఆర్గాన్ తొట్టితో న్యూట్రినోలను ఫొటో తీయవచ్చని చెప్పాడు. న్యూట్రినోలు మన ఒంట్లోంచి, భూమిలోంచి కూడా తాకకుండా దూరిపోయే కణాలు. కోటానుకోట్లు పోతే ఎప్పుడో ఒకటి ఆర్గాన్‌కు తగులుతుంది. అందుకే తొట్టి పెద్దది కావాలి. ఇప్పుడు అమెరికాలో దక్షిణ డకోటాలో, మూతపడిన హోమ్‌స్టేక్ బంగారు గని లోపల, కిలోమీటరున్నర లోతున, ఒక్కొక్కటి పదిహేడువేల టన్నులు పట్టే తొట్ల కోసం గుహలు తవ్వారు. 2024 ఫిబ్రవరిలో తవ్వకం ముగిసింది. ఆ ప్రయోగం పేరు డ్యూన్. హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు, కంది దగ్గరి ఐ.ఐ.టి. వారు కూడా అందులో ఉన్నారు. ఆ గనిలోనే 1960ల చివర డేవిస్ అనే ఆయన బట్టలు డ్రైక్లీనింగు చేసే ద్రవాన్ని ఆరువందల టన్నులు పోసి, సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు అందులోని క్లోరిన్‌ను ఆర్గాన్‌గా మారిస్తే, ఆ ఆర్గాన్ అణువులను వేళ్ళమీద లెక్కపెట్టాడు. ఆర్గాన్‌కు ఆ గని కొత్తేమీ కాదు. మన కోలారు బంగారు గనుల్లోనూ 1965లో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, ఇలాంటి కాపే కాశారు.

డ్యూన్ మొదటి తొట్టిలో తీగలకూ ఎదుటి పలకకూ మధ్య మూడున్నర మీటర్లు. చెదిరే దూరం 55 సెంటీమీటర్లయితే ఆ మూడున్నర మీటర్లలో వెలుగు సగటున ఆరుసార్లకు పైగా దారి తప్పుతుంది. 99 అయితే మూడునాలుగు సార్లే. దారి తప్పిన వెలుగు ఆలస్యంగా వస్తుంది, వేరేచోట పుట్టినట్టు కనిపిస్తుంది. కొంత అసలు పరికరాలను చేరనే చేరదు. ఆకాశంలో ఎక్కడో ఒక నక్షత్రం పేలి, 1987లో వచ్చినట్టు పది సెకన్లపాటు న్యూట్రినోల జల్లు కురిసిందనుకోండి. ఏ మెరుపు ఎప్పుడు పుట్టింది, ఎంత పెద్దది అని తేల్చటానికి ఈ ఒక్క సంఖ్య సరిగా తెలిసి ఉండాలి. అలాంటి జల్లు మనిషి జీవితంలో ఒకసారి కురిస్తే అదృష్టం. అది కురిసిన రోజున మా కొలత ఇంకా తేలలేదంటే కుదరదు.

సెర్న్‌లో డ్యూన్‌కు నమూనాగా ఏడువందల డెబ్భై టన్నుల ద్రవ ఆర్గాన్ తొట్టి కట్టారు. 2020లో అందులో చిటికెడు జీనాన్ కలిపి చూశారు. చిటికెడంటే పది లక్షల పాళ్ళకు ఇరవై పాళ్ళ లోపు. ఉలిక్కిపడ్డ ఆర్గాన్ జంట తన శక్తిని జీనాన్‌కు అప్పగిస్తుంది, జీనాన్ దాన్ని దాదాపు 178 నానోమీటర్ల వెలుగుగా వదులుతుంది. అల పొడుగయింది గనక రాలే గారి లెక్క ప్రకారం చెదరటం నాలుగోవంతు దరిదాపులకు పడిపోతుంది. పాలచారులో తోడు వేసినంత జీనాన్‌తో తొట్టి అంతటా వెలుగు తీరు మారిపోయింది. దూరంగా పుట్టిన మెరుపులు కూడా పరికరాలకు మునుపటికంటే బాగా అందాయి.